నొప్పే లేదు, అయినా మెడకి ఆపరేషన్ అంటున్నారు. చేయించుకోవాలా?

టీచరమ్మ_ఖమ్మం | జనవరి 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఫోన్‌కి చెప్తుంటే అదే టైపు చేస్తోంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. వేళ్లతో టైపు చేయలేకపోవడమే నా సమస్య.

నాకు 56 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పన్నెండేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాది నుంచి చేతులు మొద్దుబారుతున్నాయి. మొదట షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నారు, మాత్రలు రాశారు. తర్వాత ఇంకొకాయన మణికట్టు దగ్గర నరం నొక్కుకుందని పట్టీ ఇచ్చారు. కట్టుకున్నాను. జాకెట్టు హుక్కులు మా కోడలు పెడుతోంది. వయసు కదా అనుకుంటూ వచ్చాను.

సంక్రాంతికి బయటపడింది. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు నేను పక్కింటావిడతో మాట్లాడుతూ వేసేదాన్ని. ఈసారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి ఎంత జారుతోందో నాకు తెలియడమే లేదు. గీత ఒకచోట తాడంత లావు, ఇంకోచోట అసలు లేదు. లేవబోతే కాళ్లు రెండూ కర్రల్లా బిగుసుకుని గేటు పట్టుకున్నాను.

ఎంఆర్ఐ తీశారు. సి4-సి5, సి5-సి6 అనే మెడ ఎముకల మధ్య డిస్కులు వెనక్కి వచ్చి వెన్నుపామును నొక్కుతున్నాయట. వెన్నుపాములో తెల్లటి మచ్చ కూడా కనిపిస్తోందట. హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే డాక్టరు నాలుగు నిమిషాల్లో "సోమవారం అడ్మిట్ అవ్వండి" అన్నారు. బిల్లింగ్ కౌంటర్‌లో అమ్మాయి మాత్రం అరగంట ఓపిగ్గా మాట్లాడింది.

నాకు మెడనొప్పి లేదు. ఇదివరకు కూడా లేదు. నొప్పి లేని చోట కోయించుకోవడమేమిటని మావారు. నాకూ అలాగే ఉంది. చేయించుకున్నవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారిగట్టు | జనవరి 24, రాత్రి 10:05

అక్కా, వద్దే వద్దు. మా మేనమామ నడుముకి చేయించుకుని ఆరేళ్లయింది, ఇప్పటికీ వంగలేడు. వెన్నెముక మీద కత్తి పడిందంటే మనిషి మునుపటిలా ఉండడు. మంచి నూనెతో మర్దనా చేసేవాళ్లు మా వైపు ఉన్నారు, మెడ లాగి సరిచేస్తారు. కావాలంటే వివరాలు చెప్తాను.

పాతబుల్లెట్ | జనవరి 24, రాత్రి 10:50

గోదారిగట్టు తమ్ముడూ, దయచేసి ఆ మెడ లాగే మాట ఎత్తకు. నడుము వేరు, మెడ వేరు. వెన్నుపాము పైనుంచి దిగి నడుము మొదట్లోనే అయిపోతుంది, దాని కింద ఉండేవి నరాల పాయలు. నడుములో డిస్కు జారితే కాల్లోకి నొప్పి లాగుతుంది, చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మెడలో వెన్నుపామే ఉంటుంది. అది నలిగితే రెండు చేతులు, రెండు కాళ్లు, ఒంటేలు అన్నీ దాని మీదే ఆధారం.

ఇది పుస్తకం చదివి చెప్పడం లేదు. నాకు మూడేళ్ల క్రితం విజయవాడలో చేశారు. నా కథ కొంచెం సిగ్గుపడేది. సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ పట్టుకుని అటూ ఇటూ టక్కుమనిపిస్తారు చూశారూ, నాకది మహా ఇష్టం. ఒకరోజు అలా తిప్పగానే మెడ నుంచి నడుము దాకా కరెంటు పాకినట్టయింది. ఆ తర్వాత తల వంచినప్పుడల్లా అదే షాకు. అయినా ఎనిమిది నెలలు నాన్చాను. బండి క్లచ్ పట్టులేక ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగిపోతే అప్పుడు వెళ్లాను.

మేడమ్, సోమవారమే అన్నందుకు కంగారు పడొద్దు. అలాగని వచ్చే సంక్రాంతి దాకా కూడా ఆగొద్దు.

ఫిజియో_సుధ | జనవరి 25, ఉదయం 6:30

టీచర్ గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. డాక్టర్‌ని కాను, మీ ఫిల్ములూ చూడలేదు. ఆ హద్దులోనే చెప్తాను.

మీ వారు అడిగింది మంచి ప్రశ్న. వెన్నుపాము నొక్కుకుంటే నొప్పి పుట్టాలనేమీ లేదు. నొప్పి పక్కకి వెళ్లే నరం నలిగినప్పుడు వస్తుంది. వెన్నుపామే నలిగితే వచ్చేవి వేరు: వేళ్లకి పని తెలియకపోవడం, చీకట్లో తూలడం, చెప్పు తెలియకుండా జారిపోవడం, ఒంటేలు ఆపుకోలేకపోవడం. అందుకే చాలామంది "నొప్పి లేదుగా" అని ఏడాదులు గడిపేస్తారు.

షుగర్ నరాలకీ దీనికీ తేడా ఒకటి చెప్తాను. డాక్టరు రబ్బరు సుత్తితో మోకాలి కింద కొడతారే, షుగర్ వల్ల నరాలు పోతే కాలు కదలదు, లేదా బద్ధకంగా కదులుతుంది. మెడలో వెన్నుపాము నలిగితే కాలు ఎగిరి తంతుంది. పైనుంచి వచ్చే అదుపు తెగిపోయినందుకు. మీకు ఎవరైనా సుత్తితో కొట్టి చూశారా?

ఇంట్లోనే ఒకటి చూసుకోండి. అరచేయి కిందికి పెట్టి, పది సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా గుప్పిట మూసి తెరవగలరో లెక్కపెట్టండి. మామూలుగా ఇరవై, ఆపైన రావాలి.

ఇంకొకటి, బి12 విటమిన్ పరీక్ష తప్పకుండా చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గే అవకాశం ఉంది. అది బాగా తగ్గినా వెన్నుపాము దెబ్బతిని ఇవే లక్షణాలు వస్తాయి.

టీచరమ్మ_ఖమ్మం | జనవరి 25, రాత్రి 8:15

సుధ గారూ, కుడిచేయి 11, ఎడమచేయి 13. మా మనవరాలు మూడో తరగతి, అది 27 కొట్టి నన్ను చూసి నవ్వింది. సుత్తితో ఇంతవరకు ఎవరూ చూడలేదమ్మా. బి12కి రక్తం ఇచ్చాను.

ఒంటేలు సంగతి ఇక్కడ రాయడానికి మొహమాటంగా ఉంది కానీ, అవును. స్కూల్లో బాత్రూమ్ దూరం. రెండు నెలలుగా పీరియడ్ మధ్యలో పరిగెత్తాల్సి వస్తోంది. షుగర్ వల్లే అనుకున్నాను.

నల్గొండబిడ్డ | జనవరి 25, రాత్రి 9:30

అమ్మా, మాది మర్రిగూడ వైపు. మీరు బోరునీళ్లు తాగి పెరిగారా? ఎందుకడుగుతున్నానంటే మా నాయనకి ఇదే జబ్బు, కానీ డిస్కు వల్ల కాదు, ఫ్లోరైడ్ వల్ల. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి. తర్వాత మా నల్గొండ పేరు మోసింది. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు అందరికీ తెలుసు. లోపల వెన్నెముకని పట్టి ఉంచే బంధనాలు ఎముకలా గట్టిపడి, వెన్నుపాముకి చోటే లేకుండా చేస్తాయని చాలామందికి తెలియదు. నిమ్స్ డైరెక్టర్‌గా చేసిన న్యూరో సర్జన్ దేమె రాజారెడ్డి గారు దీని మీద ఏళ్ల తరబడి పని చేశారు.

మా నాయనకి గట్టిపడ్డది పైనుంచి కింద దాకా. తల తిప్పాలంటే మనిషి మొత్తం తిరిగేది. ఊళ్లో ఒకాయన మెడ లాగిండు. మూడు రోజులకి బాత్రూమ్‌లో జారి పడ్డడు, దెబ్బ చిన్నదే, నుదురు గోడకి తగిలింది అంతే. ఆ పూట నుంచి చేతులు లేవలేదు. కాళ్లు కొంచెం వచ్చినయి, చేతులు రాలే. వెన్నుపాముకి చోటు తక్కువున్నోళ్లు పడితే ఇట్లనే అయితదని డాక్టర్లు తర్వాత చెప్పిన్రు. ఆపరేషన్ చేసిన్రు, కానీ అప్పటికే ఆలస్యం. ఇప్పటికీ అన్నం మేమే తినిపిస్తం.

మీకు భయం పెట్టాలని కాదు. సీటీ స్కాన్ కూడా తీయించండి. ఎముక గట్టిపడ్డదో లేదో ఎంఆర్ఐ కంటే సీటీలో బాగా కనిపిస్తది.

గోదారిగట్టు | జనవరి 25, రాత్రి 10:10

అన్నా, నాకు ఇది తెలియదు. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. మర్దనా వివరాలు అడిగిన ఇద్దరికి మెసేజ్ చేశాను, వాళ్లకి కూడా వద్దని చెప్తాను.

సీతాఫలం_65 | జనవరి 26, మధ్యాహ్నం 12:20

రెండో వైపు కూడా వినాలి కదా. నేను వద్దనుకున్నదాన్ని. 65 ఏళ్లు, హైదరాబాద్. భుజం నొప్పికి ఎంఆర్ఐ తీస్తే మెడలో వెన్నుపాముని డిస్కు తాకుతోందని రిపోర్టు. వెంటనే చేయాలన్నారు ఒకరు. నేను న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను నడిపించారు, ఒక అడుగు ముందు ఇంకో అడుగు పెట్టి గీత మీద నడవమన్నారు, సుత్తితో కొట్టారు, వేళ్లు విదిలించి చూశారు. ఏ లోపమూ లేదు. "ఫిల్ముకి ఆపరేషన్ చేయం, మనిషికి చేస్తాం" అన్నారు.

వయసు మళ్లినవాళ్లకి ఎంఆర్ఐ తీస్తే ఇలా తాకడం చాలామందిలో కనిపిస్తుందట. లక్షణాలు లేకపోతే ముందుజాగ్రత్తగా కోయాల్సిన పనిలేదన్నారు. నాలుగేళ్లయింది, ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు బిగించాం. నెత్తి మీద బరువు, వెనక సీట్లో బండి ప్రయాణం మానేశాను. కానీ టీచర్ గారూ, మీది నా కేసు కాదు. మీకు చేతులు పోతున్నాయి.

వెంకట్_డల్లాస్ | జనవరి 26, మధ్యాహ్నం 3:45

సీతాఫలం గారు చెప్పినదాన్నే లెక్కలో పెడతాను. ఈ జబ్బుకి ఎం.జె.ఓ.ఎ. అని ఒక స్కోరు ఉంది. చేతుల పని 5, కాళ్లు 7, చేతుల స్పర్శ 3, ఒంటేలు 3, మొత్తం 18. 15 నుంచి 17 వస్తే స్వల్పం, 12 నుంచి 14 మధ్యస్థం, 11, అంతకన్నా తగ్గితే తీవ్రం. 2017లో వెన్నెముక సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల్లో మధ్యస్థం, తీవ్రం అయితే ఆపరేషన్ చేయమన్నారు. స్వల్పమైతే ఆపరేషన్ గానీ, పర్యవేక్షణలో ఫిజియో గానీ. తగ్గకపోయినా, దిగజారినా ఆపరేషన్. లక్షణాలే లేకపోతే కత్తి పెట్టొద్దన్నారు.

చేయించుకోకపోతే ఏమవుతుందనే దానికి కూడా పాత అధ్యయనాలన్నీ కలిపి చూశారు. లక్షణాలున్నవాళ్లలో 3 నుంచి 6 ఏళ్లలో 20 నుంచి 62 శాతం మంది కనీసం ఒక పాయింటు దిగజారారు. ఆ అంకెల మధ్య ఎంత ఎడముందో చూడండి. ఎవరు దిగజారతారో ముందే కచ్చితంగా చెప్పడం కష్టం.

మా నాన్నగారికి ఇక్కడే చేయించాం. తిన్నగా చెప్పాలంటే, ఆయన చేతుల్లో మొద్దు పూర్తిగా పోలేదు. చొక్కా గుండీలు ఇప్పటికీ అమ్మే పెడుతుంది. ఆయనకి దాని మీద కోపం ఉంది. సర్జన్ ముందే చెప్పారు: "ఇది ఆపడానికి చేసే ఆపరేషన్, తిరిగి వస్తే అది లాభం." మేము వినలేదు. విన్నాం కానీ మనసులో పెట్టుకోలేదు.

టీచరమ్మ_ఖమ్మం | ఫిబ్రవరి 6, రాత్రి 9:00

బి12 నూట యాభై చిల్లర వచ్చింది, తక్కువే. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇంకొక ఊళ్లో రెండో సర్జన్‌ని కలిశాం. ఈయన సుత్తితో కొట్టగానే నా కాలు లేచి ఆయన బల్లని తన్నింది. మా అబ్బాయి "అమ్మా!" అన్నాడు, ఆయన నవ్వారు. స్కోరు 13. బి12 వల్లే కావచ్చు కదా, అది సరిపోయాక చూద్దామా అని మావారు అడిగారు. బి12 ఎలాగూ నింపుతాం, కానీ ఫిల్ములో వెన్నుపాము నలిగి పలచబడి కనిపిస్తోంది, దాన్ని ఇంజెక్షన్ వెడల్పు చేయదు అన్నారు. సీటీలో ఎముక గట్టిపడలేదు, నల్గొండ బాబూ, ఆ ఒక్కటీ మంచి కబురు.

ఇప్పుడు కొత్త టెన్షన్. ఆయన గొంతు ముందువైపు నుంచి చేస్తానంటున్నారు. రెండు డిస్కులు తీసి, మధ్యలో చిన్న దిమ్మలు పెట్టి, ప్లేటు బిగిస్తారట. మొదటి డాక్టరు వెనకనుంచి అన్నారు. ముందునుంచి చేస్తే గొంతు బొంగురుపోవచ్చని ఆయనే చెప్పారు. నేను ముప్పై ఏళ్లుగా పద్యం చెప్పి బతుకుతున్నాను. చేతులు లేకపోతే బోర్డు మీద పిల్లలతో రాయిస్తాను. గొంతు లేకపోతే?

పాతబుల్లెట్ | ఫిబ్రవరి 6, రాత్రి 9:35

మేడమ్, నాది ముందునుంచే. గొంతు మూడు వారాలు బొంగురు, తర్వాత మామూలే. మింగడం మాత్రం ఇబ్బంది. ఇడ్లీ కూడా గొంతులో ముళ్లు గుచ్చినట్టుండేది. పది రోజులు జావ, పెరుగన్నం మెత్తగా పిసికి తిన్నాను. మత్తు ఇచ్చేముందు మెడ వెనక్కి వంచకూడదని నన్ను మెలకువగా ఉంచే, గొంతు మొద్దుబారే మందు కొట్టి, కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పైపు దించారు. వింటే భయమే, అనుభవంలో దగ్గు తప్ప ఏం గుర్తులేదు.

ఫిజియో_సుధ | ఫిబ్రవరి 7, ఉదయం 6:10

ముందా వెనకా అనేది డాక్టరు అలవాటు ఒక్కటే కాదు. నొక్కేది ఎటునుంచి, ఎన్ని చోట్ల, మెడ వంపు ఎలా ఉంది, ఇవి చూస్తారు. ఒకటి రెండు డిస్కులు ముందునుంచి నొక్కుతుంటే ముందునుంచే తీయడం సూటి దారి. మూడు నాలుగు చోట్ల ఇరుకైతే వెనకనుంచి వెన్నుపాము మీది ఎముక కప్పు తెరుస్తారు, అప్పుడు వెన్నుపాము వెనక్కి జరిగి ఊపిరి పీల్చుకుంటుంది. కానీ మెడ ముందుకి వంగిపోయి ఉంటే, వెనక ఎంత తెరిచినా అది ముందున్న ఎముక మీదే వేలాడుతుంది. మీ ఎక్స్‌రేలో వంపు ఎలా ఉందో అడగండి.

వెనకనుంచి చేస్తే గొంతుకి ఇబ్బంది తక్కువ, కండరాల నొప్పి, గాయం మానే సమస్యలు ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకి అది కూడా లెక్కే. ఎటు చేసినా కొద్దిమందికి భుజం లేపే బలం తగ్గుతుంది, ఎక్కువమందిలో నెలల్లో తిరిగి వస్తుంది. గొంతు గురించి మీరు ఇక్కడ కాదు, ఆయన ముందు ఇదే మాట అనండి. "నేను పద్యం చెప్పి బతుకుతాను" అని. ఆపరేషన్‌కి ముందు స్వరతంత్రులు చూసి పెట్టమనండి.

గోదారిగట్టు | ఫిబ్రవరి 7, ఉదయం 8:00

డబ్బు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. టీచర్ గారికి ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు ఉంటుంది కదా? ప్లేటు, దిమ్మలు ప్యాకేజీలో ఉన్నాయో వేరేగా కట్టాలో కాగితం మీద రాయించుకోండి. మా మేనమామకి అక్కడే దెబ్బ పడింది.

టీచరమ్మ_ఖమ్మం | ఫిబ్రవరి 16, రాత్రి 10:30

అడిగాను. పద్యం సంగతి చెప్తే ఆయన "ఏదీ, ఒకటి చదవండి" అన్నారు. ఆసుపత్రి గదిలో పోతన భాగవతంలోంచి "ఎవ్వనిచే జనించు" చదివాను. పూర్తిగా విన్నారు. తర్వాత ఎక్స్‌రే చూపించి మెడ వంపు పోయి కొంచెం ముందుకి ఉంది, వెనకనుంచి చేస్తే సగం పనే అవుతుంది అన్నారు. గొంతు నరం దగ్గరే పని, బొంగురుపోతే చాలామందికి కొన్ని వారాల్లో వస్తుంది, ఎప్పటికీ రాకపోయే అవకాశం చిన్నదే కానీ సున్నా అని చెప్పలేను అన్నారు. ఇలా చెప్పినందుకే ఒప్పుకున్నాను. సున్నా అని ఉంటే ఇంటికొచ్చేసేదాన్ని.

మావారు ఇంకా ఒప్పుకోలేదు. నిన్న రాత్రి ఆయన నిద్రలో ఉన్నారనుకున్నాను, కానీ కరెంటు పోయినప్పుడు నేను మంచం దిగి తూలడం చూశారు. పొద్దున్న ఏమీ అనకుండా కార్డు, ఫైలు బ్యాగులో పెట్టారు. 21న అడ్మిషన్. షుగర్ మూడు నెలల సగటు 8.1 ఉందట, ఈలోపు ఇన్సులిన్ పెట్టి రోజువారీ షుగర్ అదుపులోకి తెస్తున్నారు.

టీచరమ్మ_ఖమ్మం | ఫిబ్రవరి 23, సాయంత్రం 5:20

నమస్తే, నేను వాళ్ల అబ్బాయిని. నిన్న ఆపరేషన్ అయింది, మూడున్నర గంటలు. చేతులు కాళ్లు కదిలిస్తోంది. మాట్లాడకుండా పలక మీద రాసి చూపిస్తోంది. మీ అందరికీ చెప్పమని రాసింది. కుడిచేత్తోనే రాసింది, వంకరగా.

టీచరమ్మ_ఖమ్మం | ఏప్రిల్ 14, ఉదయం 11:00

ఈ నాలుగు ముక్కలూ వేళ్లతోనే కొడుతున్నా, ఇరవై నిమిషాలు పట్టింది. నడక స్థిరపడింది. చీకట్లో ఇంకా గోడ కావాలి. ఒంటేలు తొందర తగ్గింది. చేతులు మాత్రం అంతంతే, పది సెకన్ల గుప్పిట లెక్కలో కుడి 14. గొంతు ఐదు వారాలు బొంగురు. ఆ ఐదు వారాలూ నేను ఎంత ఏడ్చానో మావారికి తెలుసు. ఇప్పుడు పై స్థాయి ఇంకా అందడం లేదు, కింది శ్రుతిలో చదువుతున్నాను.

వెంకట్ గారూ, మీ నాన్నగారి కోపం నాకు అర్థమైంది. హుక్కులు ఇంకా కోడలే.

నల్గొండబిడ్డ | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 1:15

అమ్మా, చాలా సంతోషం. మా నాయనకి చదివి వినిపించిన. "ముగ్గు టీచరా?" అన్నడు.

కొత్తసభ్యురాలు_ఏలూరు | జులై 3, రాత్రి 8:50

ఈ చర్చ మొత్తం చదివాను. మా అమ్మకి 60 ఏళ్లు, షుగర్ ఉంది. చేతులు తిమ్మిరి, ఈ మధ్య పూలు కట్టలేకపోతోంది. షుగర్ నరాలే అంటున్నారు. నొప్పి ఏమీ లేదు. ఎవరిని కలవాలి?

టీచరమ్మ_ఖమ్మం | జులై 3, రాత్రి 9:05

అమ్మాయ్, ముందు ఫోన్ పక్కన పెట్టి మీ అమ్మని పది సెకన్లు గుప్పిట మూసి తెరవమను. నువ్వు గడియారం చూడు. ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయి. మోకాలి కింద సుత్తితో ఎవరైనా కొట్టి చూశారా?

కొత్తసభ్యురాలు_ఏలూరు | జులై 3, రాత్రి 9:12

12 అండీ. సుత్తితో ఎవరూ చూడలేదు.

టీచరమ్మ_ఖమ్మం | జులై 3, రాత్రి 9:13

రేపే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లు. బి12 కూడా చూడమను. ఈలోపు మెడ ఎవరిచేతా పట్టించొద్దు, బండి మీద కాదు, ఆటోలో వెళ్లండి.